కెలోబ్ దగ్గర పన్నెండింటికి

"పన్నెండింటికల్లా మీ బావని దేశం దాటిస్తారు. ఇప్పుడు పదకొండూ పది," అన్నాడు చీఫ్. "ఏమైనా అడగాలా?"

"ఎక్కడినుంచి?" అన్నాడు ఏజెంట్ నత్త.

డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా వేగంగా కారు నడుపుతాడని అతనికి ఆ పేరు పెట్టింది చీఫే. ఆయన హాస్యం అలాగే ఉంటుంది. మూడు రోజుల కిందట మాయమైన బావ రాడార్ రహస్య సంకేతాలు తయారుచేసే ఇంజనీరు. అవి ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేవు. ఆయన సరిహద్దు దాటితే దేశానికి కళ్లు పోయినట్టే, అక్కకు మొగుడు పోయినట్టే. నిజం చెప్పాలంటే నత్తకు నిద్ర లేకుండా చేస్తున్నది రెండోదే.

జవాబు టేబుల్‌కు అవతల, ఆకుపచ్చ పట్టు గౌనులో కూర్చున్న మేడమ్ దగ్గర ఉంది. ఆవిడ డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోస్తుంది. లేదా మనలో ఉంటూ ముఠాకు మోస్తుంది. ఏది నిజమో చీఫ్ కూడా తేల్చుకోలేదు.

"ఫ్లైట్ సిమ్యులేటర్ ఫోరమ్‌లో ముఠావాళ్లు ఫ్లైట్ ప్లాన్లు పెడుతుంటారు," అంది మేడమ్. "కంప్యూటర్లో ఉత్తుత్తి విమానాలు నడుపుకునేవాళ్ల మధ్య ఎవరికీ అనుమానం రాదు. ఆ దారిలో మూడో వేపాయింట్ ఏదైతే అక్కడే కలుసుకుంటారు. ఇవాళ్టిది కెలోబ్."

వేపాయింట్ అంటే ఆకాశంలో ఒక చుక్క. అక్కడ స్తంభమూ ఉండదు, దీపమూ ఉండదు. మ్యాపులో ఒక చోటుకు పెట్టిన పేరు, అంతే. ఇంగ్లీషులో ఐదే అక్షరాలు. అర్థం ఉండనక్కర్లేదు, పైలట్‌కి రేడియోలో నోరు తిరిగితే చాలు. తాజా చార్టులో కెలోబ్ కింద, నేలమీద, పాత లైట్‌హౌస్ ఉంది. కమాండోలు అటు పరుగు తీశారు.

నత్త టెలిఫోన్ లైన్‌మన్ వేషంలో, భుజాన తీగచుట్టతో కారెక్కాడు. పక్క సీట్లో మేడమ్ తీరిగ్గా పెదాలకు రంగు వేసుకుంటోంది. ఆ తీరికే అతనికి నచ్చలేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అక్కకు ఫోన్ చేశాడు. ఆదివారాలు బావ సిమ్యులేటర్లో విమానం నడుపుతుంటే పక్కన కూర్చుని దారి వేసి ఇచ్చేది ఆవిడే.

"అక్కా, ముఠావాళ్ల ఫ్లైట్ ప్లాన్ ఫైల్ పంపాను, చూశావా? కెలోబ్ లైట్‌హౌస్ దగ్గరే కదా?"

"ఆగరా. ఫైల్ పైన సైకిల్ నంబర్ చూశావా? ఇరవై మూడు, సున్నా నాలుగు."

"అంటే?"

"ఇరవై మూడో సంవత్సరం, నాలుగో విడత డేటా. ఇరవై ఎనిమిది రోజులకోసారి కొత్తది వస్తుంది. కానీ చాలామంది సిమ్యులేటర్‌తో వచ్చిన పాతదే వాడుకుంటూ పోతారు. మీ బావ మాత్రం వింటారా!"

"పాతదైతే ఏమైంది?"

"దారులు మారితే కొన్ని పేర్లు తీసేస్తారు. తర్వాత అదే పేరు ఇంకోచోట పెడతారు. మీరు చూసింది కొత్త కెలోబ్‌ని. పాతది..." కీబోర్డు టకటకలాడింది. "ఉత్తరాన, మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ మీద. ఒరేయ్, తొందరగా వెళ్లరా!"

టైర్లు కీచుమన్నాయి. కారు గిర్రున వెనక్కి తిరిగింది.

"అబద్ధం చెప్పారు," అన్నాడు నత్త.

"లేదే! పేరు నిజమే చెప్పాను. చార్టు మీది," అంది మేడమ్. ఆవిడ చేతిలో ఇప్పుడు లిప్‌స్టిక్ లేదు, పిస్టల్ ఉంది. "కారు ఆపండి."

నత్త గేరు కింది మీట తన్నాడు. మేడమ్ సీటు బెల్టు బిర్రుగా బిగుసుకుని రెండు చేతుల్నీ ఒంటికి అదిమేసింది. పిస్టల్ జారి కిందపడింది. టెక్నికల్ సెక్షన్‌వాళ్లు ఏడాది పొడుగునా తయారుచేసినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే.

పదకొండూ యాభై తొమ్మిది. ఫ్యాక్టరీ ఆవరణలో హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. ఇద్దరు బావ చేతులు కట్టేసి లోపలికి ఎక్కిస్తున్నారు. చక్రాలు నేలను వదిలాయంటే ఇక అక్కకు చెప్పడానికి మాటలుండవు. నత్త కారులోంచి దూకి, దుమ్ములో వంగి పరుగెత్తి, తీగచుట్టను తోక ఫ్యాను మీదికి విసిరాడు. ఫ్యాను తీగను మింగి, గొంతు పట్టుకున్నట్టు గరగరలాడి ఆగిపోయింది. హెలికాప్టర్ ఒక పక్కకు ఒరిగింది. ఇనుప ముక్కలు ఎగిరిపడుతుంటే కాపలావాళ్లు తలో దిక్కూ పట్టారు. నత్త బావను కాలర్ పట్టి ఇటుకల గుట్ట వెనక్కి లాగాడు.

"ఏమైనా చెప్పేశావా బావా?"

"ఒక్క ముక్క చెప్పలేదురా," అన్నాడు బావ. పెదవి చిట్లి ఉంది. కానీ తల ఎత్తే ఉంది.

నత్త కట్లు విప్పి, ఫోన్ ఆయన చెవికి ఆనించాడు.

అక్క ముందు ఏడ్చింది. తర్వాత అడిగింది. "అవును గానీ, ఆ రోజు ఆఫీసుకని చెప్పి ఎక్కడికెళ్లారు?"

బావ కారులో బిగుసుకుపోయి ఉన్న ఆకుపచ్చ గౌను వైపు ఒకసారి చూసి, గుటక మింగాడు. "అదీ... అచ్చం కాక్‌పిట్‌లా ఉండే సిమ్యులేటర్ చూపిస్తానంటే..."

"ఎవరు?"

మూడు పగళ్లూ మూడు రాత్రులూ ముఠా ఎంత చావగొట్టినా నోరు విప్పని మనిషి, అర నిమిషంలో అంతా కక్కేశాడు.