సోమవారం సెలవు

ఆ సోమవారం తెల్లారగానే నీలవేణి కూతురికి రెండు జడలు వేసి, పులిహోర డబ్బాలో సర్దింది. పెరట్లో మొగుడు పైడిరాజు ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టడం ఆ ఇంట తాతల నాటి నుంచీ లేదు. చెరకు నరికే రోజుల్లో అతనికి దొరికే సెలవు అదొక్కటే.

"అమ్మా, జిరాఫీ మన కొబ్బరిసెట్టంత ఉంటాదా?" అంది ఏడేళ్ళ ధనశ్రీ.

"సూత్తావు కదే," అంది నీలవేణి.

పిల్ల కళ్ళలో నరాలు ఎండిపోతున్నాయని, మందు లేదని, చూపించాలనుకున్నవన్నీ వేసవి లోపే చూపించెయ్యమని డాక్టరు చెప్పి నెలయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒకటే మాట. గోడ మీద బల్లి పాకితే "కనబడిందా తల్లీ?", చిలక ఎగిరితే "కనబడిందా తల్లీ?". కనబడిందమ్మా అని పిల్ల అనేదాకా నీలవేణికి ముద్ద దిగేది కాదు. జూకి ఆదివారం వెళదామని మూడు వారాలుగా పోరుతోంది. చెరకు బండి ఆగితే బెల్లం పొయ్యి ఆగిపోతుందని పైడిరాజు వినలేదు.

అనకాపల్లిలో బస్సెక్కి, విశాఖపట్నంలో ఇంకో బస్సు మారి జూ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గేటుకు తాళం వేసి ఉంది.

"సోమారం జూకి సెలవమ్మా," అన్నాడు కాపలా ముసలాయన.

నీలవేణి ఊచలు పట్టుకుని బతిమాలింది. ఒక్క జిరాఫీని చూపించి పంపెయ్యమంది. కాళ్ళ మీద పడబోయింది. "నా సేతిలో లేదు తల్లీ," అని ఆయన వెనక్కి జరిగాడు.

అంతే, మొగుడి మీద విరుచుకుపడింది. "ఆదారం ఎల్దామని మొత్తుకున్నాను! నీకు ఎద్దులే ముఖ్యం, పిల్ల కాదు!"

"తెలిసి సేసేనేటే? జూకి కూడా సోమారం సెలవుంటాదని నాకేటి తెలుసు?"

"ఎవుళ్ళనైనా అడగొచ్చు కదా! రేపు దీనికి లోకమంతా సీకటైపోతే నీ ఎద్దులొచ్చి సెయ్యి పట్టుకు నడిపిత్తాయా?"

ధనశ్రీ ఇద్దరి మధ్యా నిలబడి పులిహోర డబ్బాను గుండెకు అదుముకుంది.

ముసలాయనకే జాలేసింది. రోడ్డు దాటితే సముద్రమేననీ, ఎండ తగ్గాక అటవీశాఖ వాళ్ళు తాబేలు పిల్లల్ని నీళ్ళలోకి వదులుతారనీ చెప్పాడు.

సాయంత్రం ఒడ్డున బుట్ట వంచారు. అరచేయంత కూడా లేని నల్లటి పిల్లలు ఇసుకలో పాక్కుంటూ నీళ్ళకేసి బయలుదేరాయి. ఒకటి మాత్రం ధనశ్రీ కాళ్ళ ముందే, ఎవరిదో అడుగు దిగిన గుంటలో పడి కొట్టుకుంటోంది.

"కనబడిందా తల్లీ?" ఆత్రంగా అడిగాడు పైడిరాజు.

"కనబడింది నాన్నా! ఎల్పోయింది, నీళ్ళలోకి ఎల్పోయింది!"

తాబేలు పిల్ల ఇంకా ఆ గుంటలోనే ఉంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ మీది బల్లి, ఎగిరిన చిలక, అన్నీ నీలవేణికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అబద్ధం ఎందుకాడేవే?" అంది.

"కనబళ్ళేదంటే నువ్వు ఏడుత్తావు. ఏడిసి నాన్నని తిడతావు."

నీలవేణి ఇసుకలో కూలబడి కూతుర్ని కావలించుకుని భోరుమంది. పైడిరాజు పక్కనే కూర్చుని పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాదేనే," అన్నాడు.

"కాదు. కనబడిందా, కనబడిందా అని నానే దీన్ని సంపుకు తిన్నాను."

ఇద్దరూ కలిసి కూతురి చేతిని గుంటలోకి దించారు. బుల్లి కాళ్ళు వేళ్ళను గట్టిగా తన్నాయి. ధనశ్రీ కెవ్వున నవ్వింది. పైడిరాజు తాబేలు పిల్లని గుంటలోంచి తీసి ఇసుక మీద పెట్టాడు. డిప్ప మీద నుంచి వేలు తియ్యకుండా, వంగి దాని వెంటే నీళ్ళ దాకా నడిచింది. అమ్మా నాన్నా చెరో పక్కా పట్టుకున్నారు. అల వచ్చి ముగ్గురి కాళ్ళూ తడిపి వెనక్కి మళ్ళింది.

ఇద్దరూ ఏమీ అడగలేదు.

"ఎల్పోయిందమ్మా," అంది ధనశ్రీ. ఈసారి నిజంగానే వెళ్ళిపోయింది.