నత్తనడక నేస్తం

చిటాండా కుర్చీలో కూర్చోబోతున్నాడు. ఈ మధ్య ఆ పని అతనికి చాలాసేపు పడుతోంది. గోడకు చేయి ఆనించి, మోకాళ్ళను బతిమాలుకుంటూ సగం వంగేసరికి, పక్కనుంచి ఒకమ్మాయి అంతే నిదానంగా వంగుతూ అదే కుర్చీకి గురిపెట్టింది. ఆసుపత్రి వరండాలో జనం మాటలు మాని చూశారు.

“తాతా, కాస్త ఆగు. నేను కూర్చోవాలి.”

“ముందు వంగడం మొదలెట్టింది నేనే అవ్వా.”

ఇద్దరికీ పాతికేళ్ళు నిండలేదు. పోటీ ఎటూ తేలకముందే జీడిగింజల వ్యాపారి ఒకాయన తిన్నగా నడిచొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ గోడకు చేరబడ్డారు.

ఆమె పేరు సోమోయె, మకువా పిల్ల. అతను మకొండే, నల్లచేవ కర్రతో బొమ్మలు చెక్కుతాడు. వాళ్ళ ఊరు నెవాలాలో ఈ రెండు జాతులకూ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం ఉంది. అంటే ఊళ్ళకు ఊళ్ళే బావామరదళ్ళన్నమాట. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, పెరట్లో కోడిని పట్టుకుపోయినా కిమ్మనకూడదు. కనుక సోమోయె మొహమాటపడలేదు. చికున్‌గున్యా అన్నది మకొండే మాటే కదా, మీ జబ్బును మాకెందుకు అంటించారని నిలదీసింది. వంచేసేదని పేరు మాత్రమే మావాళ్ళు పెట్టారు, దోమలు మీ పేటవే అన్నాడు చిటాండా.

జ్వరం ఎప్పుడో పోయింది, నొప్పులు మాత్రం ఇల్లరికపు అల్లుళ్ళలా తిష్ఠవేశాయి. నర్సు ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది. కదలకుండా పడుకుంటే కీళ్ళు ఇంకా బిగుస్తాయట. పొద్దున్నే వేడినీళ్ళ గుడ్డతో కాపడం, తిన్నాకే మాత్ర, బరువులు ఎత్తకుండా రోజూ మెల్లగా నడక. కొందరికి నెలలు పడుతుంది, దిగులుపడొద్దంది.

అలా మొదలైంది వాళ్ళ నడక. ఊళ్ళో అంత మెల్లగా నడవగలిగిన వాళ్ళు ఇంకెవరూ లేరు మరి. కోళ్ళు వాళ్ళను దాటిపోయేవి. నెత్తిన కర్రపెండలం గంప పెట్టుకున్న ముసలమ్మలు దాటిపోతూ ఓదార్చేవారు. వాన మొదలైతే రోడ్డంతా పరుగు తీసేది. వీళ్ళిద్దరూ పరిగెత్తాలని నిర్ణయించుకునే లోపలే వాన వెలిసేది. తడిసి ముద్దయిన సోమోయె, నువ్వు చెక్కిన బొమ్మలే నీకంటే నయం, కనీసం ఎండలో నిలబడి ఆరతాయి అని నవ్వేది. ఆ నవ్వు కోసం అతను గొడుగు ఇంట్లోనే మరిచిపోయి వచ్చేవాడు.

ఒకరోజు నర్సు, సోమోయె బాగా తేరుకుంటోందని మెచ్చుకుంది. చిటాండా గుండె జారింది. ఆమెకు నయమైతే తనతో ఎందుకు నడుస్తుంది? అలా అనుకున్నందుకు సిగ్గేసి, కాపడానికి తను నీళ్ళు కాచుకునే కుండను తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చేశాడు. ఇక దాచుకోలేక అడిగేశాడు కూడా.

“నన్ను పెళ్ళి చేసుకుంటావా?”

సోమోయె పొట్ట పట్టుకుని నవ్వింది. “పెళ్ళి ఊరేగింపుకి నీకు వారం పడుతుంది తాతా. ఈలోగా పెట్టిన అన్నం పాచిపోతుంది.” నవ్వయ్యాక ఆ కుండను గుండెకు హత్తుకుంది.

చిటాండా నాయనమ్మ పేరు అసుమిని. ఆమె కోడిని చంకన పెట్టుకుని సంబంధం అడగడానికి వెళ్ళింది. సోమోయె తండ్రి బుషిరి, భలే వేళాకోళమని పొట్ట చెక్కలయ్యేలా నవ్వి కోడిని కూర వండించాడు. రెండోసారీ అంతే.

“నా కోళ్ళగూడు ఖాళీ అయ్యేట్టుంది రా,” అంది అసుమిని. “వాళ్ళని తిడితే నవ్వుతారు. నువ్వెళ్ళి మర్యాద చెయ్యి. అప్పుడు భయపడతారు.”

చిటాండా ఉతికిన చొక్కా వేసుకుని, నాయనమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాడు. బుషిరి ముందు మోకరిల్లి, తలవంచి, పెద్దలకు పెట్టే దణ్ణం పెట్టాడు. “మీ అమ్మాయిని ఇమ్మని అడగడానికి వచ్చానండీ.”

బుషిరి నోట్లోని జీడిపప్పు నమలడం ఆపేశాడు. “ఏరా తాబేలూ, జ్వరం తిరగబెట్టిందా?”

“మీరు పెద్దలు. ఏమన్నా పడతాను.”

మకొండే నోటినుంచి అంత వినయం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. బుషిరి ముఖం పాలిపోయింది. “అంటే... నిజంగానే అడుగుతున్నావా?”

నిజమేనని చెప్పి లేవబోయాడు చిటాండా. మోకాళ్ళు పట్టేశాయి. దణ్ణం పెట్టిన చేతులతోనే మెల్లగా పక్కకు ఒరిగిపోసాగాడు.

వంటపాకలోంచి సోమోయె వచ్చింది. పెరట్లో అడ్డొచ్చిన రోలు మీదుగా దూకింది, కోళ్ళు చెల్లాచెదురయ్యేలా పరిగెత్తుకొచ్చి, అతను నేలకు ఒరగకముందే పట్టుకుంది.

అందరూ ఆమె కాళ్ళవైపే చూశారు.

“నీకు మోకాళ్ళ నొప్పులు కదే?” అన్నాడు బుషిరి.

“తగ్గాయి.”

“ఎప్పుడు?”

“జీడిమామిడి పూతకి ముందే,” అంది తల దించుకుని. ఇప్పుడు చెట్లకింద గింజలు రాలుతున్నాయి.

చిటాండా ఆమె భుజమ్మీద వాలిపోయి ఇన్నాళ్ళ నడకనూ తలుచుకున్నాడు. “మరి ఇన్నాళ్ళూ అట్లా ఎందుకు నడిచావు?”

“నువ్వు తొందరగా నడవలేవు కదా తాతా.”

బుషిరి గడ్డం గోక్కుని, అసుమిని వైపు తిరిగాడు. “రెండు కోళ్ళు తిన్నాను. ఇప్పుడు కాదంటే అరగవు. మూడోది తీసుకురా ముసలీ, ఈసారి అందరం కలిసి తిందాం.”

చిటాండాను నిలబెట్టడానికి ఇంకొంచెంసేపు పట్టింది. సోమోయె ఏమాత్రం తొందరపెట్టలేదు.