రెండింతల వేగంలో పాత సినిమాలు

"ఆ మిషన్ పాడైందాండీ?"

పాత సినిమాల లైబ్రరీలో, సినిమాలు వేసుకుని చూసే గది గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. తెరమీద ఒక పెళ్ళి ఊరేగింపు తేనెటీగలు వెంటబడ్డట్టు పరిగెడుతోంది. పెళ్ళికూతురు కారెక్కేలోపే ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని, నవ్వేసింది కూడా.

"పాడవలేదు. డబుల్ స్పీడ్‌లో పెట్టాను," అన్నాడతను తల తిప్పకుండానే.

"ఎందుకు?"

"టైమ్ లేక."

"టైమ్ లేకపోతే చూడటం ఎందుకు?"

సమాధానం లేనప్పుడు మేధావులు చేసే పనే అతనూ చేశాడు. చిన్న నవ్వొకటి నవ్వి, "మీకు చెప్పినా అర్థం కాదులెండి," అన్నాడు. ఆ తర్వాత తల తిప్పి చూశాడు. గొడుగున్నా తడిసిపోయిన జుట్టు, ముఖం నిండా చిరాకు, ఆ చిరాకుని ఏమాత్రం లెక్కచెయ్యని పెద్ద పెద్ద కళ్ళు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది. మేధావులకి బుద్ధి ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే వస్తుంది.

అతనికి ఫిల్మ్ స్కూల్లో డైరెక్షన్ సీటు కావాలి. ఇంటర్వ్యూలో క్లాసిక్స్ మీద గుచ్చి గుచ్చి అడుగుతారు. ఏవేం చూడాలో స్కూలువాళ్ళే ఒక జాబితా పంపించారు. అది చాంతాడంత ఉంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే నాన్నతో ఒప్పందం మాత్రం చాలా చిన్నది. ఈసారి సీటు రాకపోతే సినిమా మాటెత్తకుండా షాపు కౌంటర్లో కూర్చోవాలి. ఆయన అప్పటికే కొడుకుని గౌరవించడం మొదలుపెట్టారు. "డైరెక్టరుగారు నిద్ర లేచారా?", "డైరెక్టరుగారు ఆ గ్యాస్ బండ కొంచెం లోపల పెడతారా?" అని అడుగుతుంటారు.

ఆ గౌరవం భరించలేకే అతను డబుల్ స్పీడ్ కనిపెట్టాడు. మూడు గంటల సినిమా గంటన్నరలో అయిపోతుంది. ప్రపంచంలోని గొప్ప దర్శకులంతా సినిమాలని అనవసరంగా సాగదీశారన్న సంగతి అతనికి ఒక్కడికే తెలిసింది.

ఇంతలో లైబ్రేరియన్ మేడమ్ వచ్చింది. ఇద్దరికీ ఒకే టైమ్ ఇచ్చిన మహాతల్లి ఆవిడే. పొరపాటు ఒప్పుకునే అలవాటు మాత్రం ఆవిడకి లేదు.

"గది ఒక్కటే, టీవీ ఒక్కటే. ఇద్దరూ ఫిల్మ్ స్కూలుకేగా? కలిసి చూడండి. పోట్లాడుకోవాలంటే బయటికెళ్ళండి, ఇక్కడ సైలెన్స్."

"మామూలు స్పీడ్ అయితేనే కూర్చుంటాను," అంది ఆ అమ్మాయి.

"అలాగేనండి," అన్నాడతను. ఎందుకంత తొందరగా ఒప్పుకున్నాడో అతనికే తెలీదు. మనకి తెలుసు.

ఆ అమ్మాయి ఎడిటింగ్ కోర్సుకి ప్రిపేరవుతోంది. సినిమా చూడటంలో ఆమెది ఇంకో రకం జబ్బు. అయిదు నిమిషాలు చూస్తుంది, పాజ్ నొక్కుతుంది. వెనక్కి తిప్పుతుంది. మళ్ళీ చూస్తుంది.

"ఇక్కడ కట్ ఎందుకు వేశారంటారు?"

"షాట్ అయిపోయింది కనుక."

"అబ్బ, ఎంత లోతుగా చెప్పారండీ గురువుగారూ."

ఆ రోజు నుంచి ఆమెకి అతను గురువుగారు, అతనికి ఆమె పాజ్ మేడమ్. వారం తిరిగేసరికి మీరు అన్నది నువ్వు అయింది. సినిమా అయ్యాక లైబ్రరీ మెట్ల మీద టీ తాగుతూ వాదించుకోవడం అలవాటైంది. వాన పడితే ఆ వాదన ఇంకా పొడుగయ్యేది. ఆ నెలలో వానకి కూడా వేరే పనున్నట్టు లేదు.

ఇక్కడే ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆమె పక్కన కూర్చుంటే తెరమీద ఏం జరుగుతోందో అతనికి కనబడేది కాదు. హీరో చచ్చిపోతున్నా అతను చూసేది తెర వెలుతురు ఆమె బుగ్గ మీద పడటమే. తీరా సినిమా అయ్యాక ఆమె "ఎలా ఉంది?" అని అడిగేది. ఏం చెప్తాడు? "ఆలోచించి రేపు చెప్తా," అని గంభీరంగా లేచేవాడు. ఇంటికెళ్ళి అదే సినిమాని డబుల్ స్పీడ్‌లో చూసి, మర్నాడొచ్చి ఉపన్యాసం ఇచ్చేవాడు. రాత్రంతా ఆలోచించాడనుకుని ఆమె నోరు తెరుచుకుని వినేది. గురువుగారూ అన్న పిలుపులో వెటకారం మెల్లగా తగ్గిపోవడం అతను గమనించాడు. గమనించి కూడా నోరు మూసుకున్నాడు.

ఇంటర్వ్యూ దగ్గర పడుతుంటే ఆమెకి గుబులు పట్టుకుంది.

"నేనింకా సగం కూడా చూడలేదు. నీవి అన్నీ అయిపోయాయా?"

"ఎప్పుడో."

"ఎలా చూస్తావు బాబూ అంత తొందరగా?"

"ఏకాగ్రత," అన్నాడు సిగ్గు లేకుండా. "చూడనివి ఏంటో చెప్పు, నేను చెప్తాను."

"ఆ కుర్చీ సినిమా. చాలా స్లో అంటున్నారు అందరూ."

అతను పడీ పడీ నవ్వాడు. "స్లోనా? అంత స్పీడ్ కామెడీ నేను చూడలేదు. ఒక ముసలాయన పొద్దున్నే కుర్చీ ఎత్తుకుని మేడ మీదికి పరిగెడతాడు. సాయంత్రం కిందికి పరిగెడతాడు. మధ్యలో వాళ్ళావిడ పోతుంది. ఆ శవయాత్ర చూడాలి నువ్వు, నడక పోటీలా ఉంటుంది. అయినా ఈయన కుర్చీ మోత మానడు. మనిషి ఉత్త హడావుడి తప్ప ఇంకేం కాదని డైరెక్టర్ వెక్కిరిస్తున్నాడన్నమాట."

"భలే చెప్పావు," అందామె. ఆ కళ్ళలో మెరుపు చూసి అతనికి పట్టరాని సంతోషం కలిగింది. మనిషి చెడిపోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇంటర్వ్యూ ముందు రోజు ఆదివారం. షాపుకి సెలవు. మధ్యాహ్నం అతను హాల్లో కూర్చుని ఆ కుర్చీ సినిమానే ఇంకోసారి తిరగేస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏంట్రా, ఆ పెద్దాయనకి అంత అర్జంటు పనేంటి? కుర్చీ పట్టుకుని అలా ఉరుకుతున్నాడు?"

"స్పీడ్ పెంచాను నాన్నా."

"తగ్గించు. ఆయన మోకాళ్ళ సంగతి నాకు తెలుసు."

తగ్గించాడు. మొదటిసారి ఆ సినిమా తన నడక తాను నడిచింది. ముసలాయన ఒక్కో మెట్టు ఎక్కి ఆగుతున్నాడు. కుర్చీ దించి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుతున్నాడు. జబ్బుపడిన భార్యకి కాస్త ఎండ తగలాలని ఆ మోత. ఆమె పోయింది. మర్నాడు పొద్దున్న ఆయన లేచి, కాసేపు కుర్చీ వైపు చూసి, మళ్ళీ ఎత్తాడు. మేడ మీద ఎండలో దాన్ని వేసి, పక్కనే నేలమీద కూర్చున్నాడు. చాలాసేపు ఇంకేమీ జరగలేదు. డబుల్ స్పీడ్‌లో చూసినప్పుడు ఆ చాలాసేపులోనే అతను వాట్సాప్ చూసుకున్నాడు.

పక్కకి చూస్తే నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తుడిచి పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. తర్వాత లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు.

"ఆ గిన్నెలు తర్వాత కడుక్కోవచ్చు. వచ్చి కాసేపు కూర్చో."

"ఏంటి ఇవాళ కొత్తగా?" అంది అమ్మ లోపల్నుంచి.

"ఏం లేదులే. ఊరికే. రా."

కళ్ళు తుడుచుకుంటుంటే అతనికి పాజ్ మేడమ్ గుర్తొచ్చింది. రేపు ఆమె ఇంటర్వ్యూలో ఈ సినిమాని కామెడీ అనబోతోంది. ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. ఇంటర్వ్యూ ముందు రోజు ఫోన్ ముట్టుకోనని ఆమె ముందే చెప్పింది. చెప్పినమాట మీద నిలబడే మనుషులతో ఇదే ఇబ్బంది.

తెల్లారగానే అతను ఫిల్మ్ స్కూలుకి పరిగెత్తాడు. మెట్ల దగ్గరే ఆమె ఎదురైంది. ఎక్కడం లేదు, దిగుతోంది.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. వెళ్ళిపోతున్నా."

"ఏమైంది?"

"నిన్న ఆ కుర్చీ సినిమా చూశా," అంది ఆమె. కళ్ళు వాచి ఉన్నాయి. "నువ్వు చెప్పిన చోటల్లా నవ్వుదామని చూశా. ఏడుపొచ్చింది. మళ్ళీ వేసి చూశా, ఇంకా ఏడ్చా. నవ్వాల్సిన చోట ఏడ్చేదానికి ఎడిటింగ్ సీటు ఎవరిస్తారు? నాకు సినిమా చూడటం రాదు. ఇప్పుడైనా తెలిసింది, మంచిదే."

గురువుగారికి అప్పుడు కూడా ఒక దారి ఉంది. "పర్లేదులే, అందరికీ ఒకలాగే అనిపించాలని ఏముంది," అని వీపు తట్టి పంపెయ్యొచ్చు. పరువు నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాచిన ఆ కళ్ళని చూస్తూ అనలేకపోయాడు.

"అది కామెడీ కాదు. నేను డబుల్ స్పీడ్‌లో చూశా. నిన్న మా నాన్న తగ్గించమంటే మామూలుగా చూశా. నేనూ ఏడ్చా."

"మరి నాకు చెప్పిన మిగతావి?"

"అన్నీ అంతే."

"మనం కలిసి చూసినవి?"

"అవి అసలు చూడనేలేదు."

"నా పక్కనే కూర్చున్నావుగా?"

"అందుకే చూడలేదు. నిన్ను చూస్తూ కూర్చున్నా. ఇంటికెళ్ళి స్పీడ్‌గా చూసుకుని, మర్నాడొచ్చి నీకు క్లాసు పీకేవాణ్ణి. నువ్వు గురువుగారూ అంటుంటే బాగుండేది. నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. సినిమా చూడటం రానిది నాకు, నీకు కాదు."

"ఈ మాట చెప్పడానికి ఇంతకంటే మంచి టైమ్ దొరకలేదా నీకు?"

"టైమ్ విషయంలో నేను మొదట్నుంచీ వీకే."

పైనుంచి అటెండర్ ఆమె నంబరు పిలిచాడు. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. చేతిలో ఫైలుతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఇక్కడే ఉండు. వచ్చి తిడతాను," అని రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయింది.

మాట తప్పలేదు. వచ్చి తిట్టింది. బాగా తిట్టింది. దారిన పోయే ఇద్దరు ప్రొఫెసర్లు ఆగి మరీ విన్నారు. లోపల ఏమడిగారో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయింది. కాసేపటికి అతని వంతు వచ్చింది. జాబితాలో ఏవేం చూశారని అడిగారు.

"సరిగ్గా చూసింది ఒక్కటేనండి. అది కూడా నిన్నే," అన్నాడు. ఆ ఒక్కదాని గురించి చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, తల ఊపారు, వచ్చే ఏడాది మిగతావి కూడా చూసి రమ్మన్నారు. నిజాయితీకి మెచ్చి సీటిచ్చేసే పెద్దమనుషులు సినిమాల్లోనే ఉంటారని అతనికి అర్థమైంది.

రిజల్ట్స్ వచ్చాయి. ఎడిటింగ్‌లో ఆమెకి సీటొచ్చింది. తనకి రానందుకు అతనికి ఏడుపొచ్చింది, ఆమెకి వచ్చినందుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండూ చెయ్యలేక షాపు కౌంటర్లో కూర్చున్నాడు. నాన్న ఈసారి డైరెక్టరుగారూ అనలేదు. "రోజూ షాపు మూశాక ఏదో ఒకటి పెట్టరా, మామూలు స్పీడ్‌లో. మీ అమ్మ కూడా చూస్తానంటోంది. వచ్చే ఏడాది మళ్ళీ వెళ్దువుగాని," అన్నారు, ఏదో ఫ్రేమ్ స్క్రూ బిగిస్తూ.

ఆమె మాత్రం ఫోన్ ఎత్తలేదు. సారీ అని అతను పెట్టిన మెసేజ్‌లన్నీ చదివి వదిలేసింది. సీటు పోయిన బాధ పగలంతా ఉండేది. ఈ బాధ రాత్రి కూడా ఉండేది.

ఒక సాయంత్రం షాపు తలుపు తోసుకుని ఆమె లోపలికొచ్చింది.

"రామ్మా. దూరం చూపా, దగ్గర చూపా?" అన్నారు నాన్న అలవాటుగా.

"మీ అబ్బాయి కావాలండి."

నాన్న ఆమెని చూశారు, గబుక్కున లేచి నిలబడిన కొడుకుని చూశారు. కౌంటర్ వెనక ఉన్న స్టూలు తెచ్చి ఆమెకి వేశారు. "కూర్చో తల్లీ. నేనిప్పుడే వస్తా," అని, ఏ పనీ లేని లోపలి గదిలోకి పనున్నట్టు వెళ్ళిపోయారు.

"ఇంకా కోపంగా ఉందా?" అన్నాడతను.

"ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంటుంది. నీ మాట నమ్మి నన్ను నేను నమ్మడం మానేశా. ఆ రోజు నువ్వు రాకపోతే ఇంటికెళ్ళిపోయేదాన్ని."

"తెలుసు."

"కానీ వచ్చావు. గొప్పోడిలా మిగిలిపోవచ్చు కదా, మరి ఎందుకు చెప్పేశావు అని ఇన్నాళ్ళూ ఆలోచించా." ఆమె కౌంటర్ మీది అద్దంలోకి చూసుకుంటున్నట్టు నటించింది. "నువ్వంటే నాకూ ఇష్టమే. అందుకే ఇంకా కోపంగా ఉంది."

అతను ఏదో అనబోయాడు.

"ఉపన్యాసం వద్దు. శనివారం మా స్కూల్లో స్క్రీనింగ్ ఉంది. స్టూడెంట్‌తో పాటు ఇంకొకరు రావచ్చు. వస్తావా?"

"వస్తా."

"నాలుగున్నర గంటల సినిమా. ఇంటర్వెల్ లేదు. మధ్యలో లేవనివ్వరు. బాగా ఆలోచించుకుని రా."

అతను ఆలోచించాడు. ఆమె పక్కన, చీకట్లో, ఎవరూ లేవమనకుండా నాలుగున్నర గంటలు. సినిమాలు ఇంకా పెద్దవి తియ్యరెందుకా అని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది.