దూరం జరిగే బోయా

నీళ్లలో సోల్బి మడమను ఎవరో రెండుసార్లు తట్టారు.

దాన్బియే అయి ఉంటుంది. వెనకాలే అంటిపెట్టుకుని ఈదుతున్నది ఆ పిల్ల ఒక్కతే. ముందువాళ్ల కాళ్ల వెనకే ఈదితే సగం శ్రమ తప్పుతుంది. చివర్లో ఒక్క ఊపున దాటేయొచ్చు. పోయిన నెల దాన్బి అలాగే మూడు బారల తేడాతో గెలిచింది.

'ఈసారి నీ పప్పులు ఉడకవు' అనుకుని సోల్బి కాలు విదిలించింది. మడమ దేనికో గట్టిగా తగిలింది. తట్టడం ఆగిపోయింది.

ఇవాళ గెలిచినవాళ్లే జెజు దీవి పిల్లల సముద్రపు ఈత పోటీకి వెళ్తారు. బడి నుంచి ఒక్కరే. వచ్చే ఏడాదికి సోల్బికి ఆ పోటీ వయసు దాటిపోతుంది.

బయల్దేరే ముందు ఈత నేర్పే కో మాస్టారు, దారి గుర్తుగా నీళ్లలో తేలే నారింజ బోయాలని చూపిస్తూ పాత పాటే పాడారు.

"పన్నెండు బారలకోసారి తలెత్తండి. బోయా ఒక్కటే చూస్తే చాలదు. తెల్ల దీపస్తంభాన్ని, దాని వెనకున్న కొండను కలిపి చూడండి. ఒకదాని వెనక ఒకటి ఉంటే దారిలో ఉన్నట్టు. విడిపోతే నీళ్లు మిమ్మల్ని పక్కకి లాక్కుపోతున్నట్టు. ముందుండే వాళ్లు వెనకవాళ్లకి కూడా కళ్లు. మంచు పట్టిందా, పోటీ లేదు గీటీ లేదు. బోయా పట్టుకుని అరవండి."

తలెత్తినప్పుడల్లా వేగం తగ్గుతుంది. అందుకే సోల్బి చాలాసేపటికి ఒక్కసారి ఎత్తింది. దీపస్తంభం లేదు, కొండ లేదు. ఎప్పుడు పట్టిందో, చుట్టూ తెల్లగా పొగమంచు. అందులో ఒక్కటే నారింజ రంగు గుండ్రటి వస్తువు.

బోయా! దాన్ని చుట్టి తిరిగేస్తే సగం గెలిచినట్టే.

ఇరవై బారలు వేసింది. బోయా అంతే దూరంలో ఉంది. మరో ఇరవై వేసింది. ఇంకా అంతే దూరం. తను దగ్గరికి వెళ్తున్నకొద్దీ అది మెల్లగా వెనక్కి జరుగుతోంది.

నీళ్లు ఉన్నట్టుండి చల్లబడ్డాయి. మడమ మీద మళ్లీ రెండు తట్లు. ఈసారి మెత్తగా.

"ఏంటే నీ గోల!" అని సోల్బి వెనక్కి తిరిగింది.

ఎవరూ లేరు.

"దాన్బీ!"

మంచులోంచి సన్నగా ఈల ఒకటి వచ్చింది. హ్వీ...

అమ్మమ్మ మునకమ్మ, అంటే సముద్రంలో మునిగి నత్తలు ఏరే మనిషి. తిరిగి రాని మునకమ్మలు మంచు రోజున ఈల వేస్తారని, దానికి పలకకూడదని చెప్పేది. సోల్బి ఎన్నిసార్లు నవ్విందో!

నారింజ వస్తువు ఇప్పుడు పక్కనే ఉంది. కింద నత్తలు వేసుకునే వల వేలాడుతోంది. పట్టుకున్నవాళ్లు లేరు. అంతలో నీళ్లు చీల్చుకుని నల్లటి తల ఒకటి లేచింది. ముఖం నిండా ఒక్కటే గాజు కన్ను.

సోల్బి కెవ్వుమంది.

"నోరు ముయ్యవే, చేపలన్నీ పారిపోతాయి!" అంటూ అమ్మమ్మ గాజు ముసుగు పైకి తోసి, హ్వీ అని ఈలలా ఊపిరి వదిలింది. "నేను మునిగేచోట వదిలే తేలుబుర్రని బోయా అనుకున్నావా? అది నీటి వాటాన పోతుందే! కళ్లా కర్బూజా గింజలా అవి?"

సోల్బి ఆ తేలుబుర్రని కావలించుకుని ఏడ్చేసింది.

"సరేలే. దాన్బి ఏది?"

"నా కాలు తట్టింది... నేను తన్నేశాను."

అమ్మమ్మ తిట్టలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

ఇద్దరూ చెవులు రిక్కించారు. చాలాసేపటికి ఎక్కడో బొంగురుగా, "సోల్బీ... సోల్బీ..."

ఆ గొంతు పట్టుకుని ఈదారు. అసలైన బోయాని వాటేసుకుని దాన్బి వణుకుతోంది. చెంప మీద మడమ పడిన ఎర్రటి మచ్చ. అరిచి అరిచి గొంతు పోయింది.

"కొండ పక్కకి జరిగిపోయింది, దారి తప్పావని చెప్దామని తట్టానే మొద్దూ!"

"తప్పయిపోయిందే. రెండోసారి తట్టినప్పుడైనా..."

"రెండోసారా? నువ్వు తన్నాక నేను నీ దగ్గరికే రాలేదు."

"నాచు తగిలుంటుంది" అంది అమ్మమ్మ. కానీ ఆమె నవ్వలేదు. మంచు వైపు చూసి తల కొద్దిగా వంచింది. మాస్టారి పడవ శబ్దం వినబడింది.

పోటీ మళ్లీ శనివారం పెట్టారు. ఆకాశం తేటగా ఉంది. సోల్బి పన్నెండు బారలకోసారి తలెత్తుతోంది. దీపస్తంభం, కొండ. దీపస్తంభం, కొండ. ఈసారి దాన్బి పక్కనే ఈదుతోంది. చివరి బోయా దాటాక సోల్బి తలెత్తడం మరిచిపోయింది. ఒడ్డు దగ్గరపడింది మరి.

మడమ మీద రెండు తట్లు.

సోల్బి కాలు విదిలించలేదు. ఆగి తలెత్తింది. దీపస్తంభానికి, కొండకి మధ్య బెత్తెడు ఖాళీ. దాన్బి తల దించుకుని అటే పోతోంది. తను ఒక్కతే దారి మార్చుకుంటే గెలుపు తనదే.

"దాన్బీ! కుడికి! కుడికే!" అని గొంతు చించుకుని అరిచింది. నోట్లోకి ఉప్పు నీళ్లు వెళ్లి దగ్గు వచ్చింది.

దాన్బి రెండు బారల తేడాతో గెలిచింది.

ఒడ్డున ఒగరుస్తూ కూర్చున్నాక సోల్బికి స్ఫురించింది. దాన్బి పక్కన ఉంది. మరి వెనక ఉన్నదెవరు? మంచు వైపు అమ్మమ్మ తల వంచడం గుర్తొచ్చింది.

లేచి మళ్లీ మోకాలి లోతుకి వెళ్లింది. ఎవరూ వినకుండా నీళ్లతో అంది.

"పోయిన వారం అనలేదు. థాంక్స్."