నీ మంచికే చెబుతున్నా

క్రీ.శ. 2081 నాటికి కాకినాడలో లిఫ్టులు పైకీ కిందకీ మాత్రమే కాదు, ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి అడ్డంగానూ వెళ్లేవి. సముద్రపు నీళ్లు కుళాయిలో తియ్యగా వచ్చేవి. పప్పు మాడితే పొయ్యే క్షమాపణ చెప్పేది. లిఫ్టులో పక్కనున్న ఆడపిల్ల మొహం గురించి ఏమీ అనకుండా కాసేపు నిలబడే విద్య మాత్రం ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

"ఏంటే హర్వికా, మొహమంతా ఆ మొటిమలు! శనగపిండిలో పెరుగు కలిపి రాయవే," అంది పదో అంతస్తు అనసూయమ్మ.

హర్వికకు పదహారేళ్లు. మూర్ఛకూ, మనసు కుంగుబాటుకూ కలిపి ఒకే మాత్ర వేసుకుంటోంది. మాత్ర మంచిదే. ఏడాదిగా ఫిట్స్ లేవు. దాని దుష్ఫలితమే ఆ మొటిమలు. శనగపిండికి లొంగే రకం కాదు. ఈ సంగతి టవర్‌లో అందరికీ తెలుసు. తెలిసీ అనేవారు. చివరికి ఆ పిల్ల మాత్రను నాలుక కింద దాచి, మనీప్లాంట్ కుండీలో ఉమ్మేయడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు కాలేజీ మెట్ల మీద ఫిట్స్ వచ్చి పడింది. నుదుటికి కుట్లు పడ్డాయి.

వాళ్లమ్మ వకుళ చర్మ శాస్త్రవేత్త. ఆ కుట్లు చూసి ఏడవలేదు. ప్రయోగశాలకు వెళ్లి తలుపేసుకుంది.

ఆ రోజుల్లో ప్రతివారి మణికట్టు కింద ఒక 'ఆరోగ్యగుండీ' ఉండేది. మందు చర్మంలోని నూనె గ్రంథులకు పంపే సిగ్నల్‌ను అది పట్టుకోగలదు. ఆ సిగ్నల్‌ను మాయం చేయడం కుదరదు గానీ, ఇంకొకరి గుండీకి మళ్లించవచ్చని వకుళ కనిపెట్టింది. దానికి 'చర్మబదిలీ' అని పేరు పెట్టింది. ఎవరికి మళ్లించాలి? హర్విక మొహం గురించి మాట్లాడినవారికి; గుండీ మాటలు కూడా వింటుంది. ప్రమాదకరమైన దద్దుర్లయితే మాత్రం గుండీ వాటిని కదపదు, వెంటనే డాక్టర్‌కి కబురు పెడుతుంది.

మర్నాడు లిఫ్టులో అనసూయమ్మ మళ్లీ శనగపిండి ఎత్తింది. పదో అంతస్తు వచ్చేలోగా ఆవిడ ముక్కు మీద శనగగింజంత మొటిమ లేచింది. వారం తిరిగేసరికి అందరూ వాతావరణం గురించే మాట్లాడుకుంటున్నారు. హర్విక మొహం తేటపడింది. మాత్ర కడుపులోకి వెళ్లింది.

అనసూయమ్మ ఊరుకుంటుందా? నగర నైతిక సంఘానికి ఫిర్యాదు చేసింది.

"పెద్దవాళ్లు ప్రేమతో అన్నదానికి శిక్షేంటమ్మా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు. పిల్ల మెట్ల మీద పడ్డ సంగతి మీద ఆయనకు ప్రశ్నలేవీ లేవు. 'నీ మంచికే' అని మొదలయ్యే మాటలన్నిటికీ సంఘం మినహాయింపు ఇచ్చింది.

ఆ సాయంత్రమే లిఫ్టు మళ్లీ కళకళలాడింది. "నీ మంచికే చెబుతున్నానే, ఆ మొహానికి..."

మొటిమలు తిరిగొచ్చాయి. మాత్ర అరచేతిలోనే ఆగిపోయింది.

వకుళ ప్రయోగశాలలో బదిలీలు నడిపే యంత్రాన్ని నిలదీసింది. "ఎవరికీ బదిలీ కావట్లేదేం?"

"అందరూ మంచికే అంటున్నారండీ. అలా అనకుండా మాట్లాడింది ఒక్కరే. అన్నీ ఆమెకే పంపుతున్నాను."

"ఎవరది?"

"హర్విక. రోజూ అద్దం ముందు 'ఛీ, ఇదీ ఒక మొహమేనా' అంటోంది. ముందు 'నీ మంచికే' అని చేర్చడం లేదండీ."

వకుళకు ఒళ్లు మండిపోయింది. ఊరందరినీ వదిలేసి, శిక్షంతా తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తినే పెట్టారన్నమాట!

"తిరగెయ్. ఇకనుంచి హర్వికతో 'నీ మంచికే' అన్నవాళ్లకే పంపు. ఎవరైనా సరే."

"సంఘం ఒప్పుకోదండీ."

"సంఘానికీ మొహాలున్నాయిగా. మాట్లాడనీ, చూద్దాం."

ఇంటికొచ్చేసరికి హర్విక మాత్రను చేతిలో పట్టుకుని కుండీ పక్కన నిలబడి ఉంది.

"మింగవే."

"వద్దమ్మా. ఎలాగూ అందరూ అంటూనే ఉంటారు."

"నీ మంచికే చెబుతున్నానే, మిం..."

వకుళ ముక్కు కొస చురుక్కుమంది. మాట మధ్యలోనే చెయ్యి అక్కడికి వెళ్లింది. హర్విక దగ్గరికొచ్చి, తల్లి చెయ్యి తీసి చూసింది. ఎన్నాళ్లకో పకపకా నవ్వింది.

"అమ్మా, శనగపిండి కలపనా?"

నవ్వుతూనే మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్లు తాగింది. అడక్కుండానే నాలుక ఎత్తి చూపించింది.