పేర్లు పిలిచే మోటారు కొట్టం

నమ్మనోడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి పోవచ్చు. పోతా పోతా తలుపు దగ్గరికి వేసి పో. సగం కథ విని ఇకిలించి, ఆఖర్లో "మామా, నాకు ఇంటిదాకా తోడు రా" అని చెయ్యి పట్టుకున్న మొనగాళ్ళను చానామందిని చూసినా.

వెంకటేశులంటే ఎవరనుకున్నారు? పుంగనూరు సంతలో ఎద్దు పళ్ళు చూడకుండా, దాని దగ్గు విని వయసు చెప్పినోణ్ణి. మదనపల్లె దోవలో బ్రేకులు పోయిన టమేటా లారీకి భుజం అడ్డం పెట్టి నిలిపినోణ్ణి. ఆ నంబరు ప్లేటు అచ్చు ఇప్పటికీ నా భుజం మీద ఉండాది. చొక్కా విప్పి చూపిద్దును, చలిగా ఉండాది.

అట్లాంటి నేను కూడా పొద్దు మునిగితే పోని చోటు ఒకటుండాది.

పుంగనూరు నుంచి వచ్చి మా పల్లె మలుపు తిరిగితే, గుట్ట కింద నారాయణప్ప పాత మోటారు కొట్టం. బోరు ఎండిపోయింది, మోటారు ఎత్తేసినారు. పైన రేకు, ముందర తుప్పు తలుపు — అంతే. పగలు దాని నీడలో గొర్రెలు పండుకుంటాయి. చీకటి పడినాక గొర్రె కూడా ఆ పక్కకు పోదు.

యాలంటే... ఆ కొట్టం పేర్లు పిలుస్తాది.

చీకట్లో పేరు వినపడితే మా వైపు ఎవరూ పలకరు. మనిషైతే మళ్ళా పిలుస్తాడు, దెయ్యం ఒక్కసారే పిలుస్తాదని మా నమ్మకం.

మొదట విన్నోడు పాల వ్యాను లోకేష్. వాడు చెప్పగా విన్నదే చెప్తాండా. బండిలో పెట్రోలు అయిపోయి, క్యాన్లతో సహా తోసుకుంటా వస్తాండాడంట. గాలి లేదు. ఆకు కదలడం లేదు. కొట్టం ముందరికి వచ్చేసరికి లోపల్నించి, ఆడగొంతో మగగొంతో తెలీకుండా, చెవిలో చెప్పినట్ల —

"లోకేష్‌ను... క్షమించినా..."

బండి ఆడ, క్యాన్లు ఈడ, వాడు పుంగనూరు బస్టాండులో! మరుసటి వారం లక్ష్మయ్య విన్నాడు. "లక్ష్మయ్యను క్షమించినా." మనిషికి జ్వరం పట్టుకుంది. తర్వాత రెడ్డెమ్మ. ఆమె ఆ పొద్దు నుంచి చేనికి చుట్టుదోవన పోతాంది.

నాకు నవ్వొస్తాది. గొంతు పిసికే దెయ్యమైతే ఈ ఊరోళ్ళు వేపమండలు కట్టి నిద్రపోతారు. క్షమించే దెయ్యం అనేసరికి ఒంటికి పోయేదానికి కూడా తోడు కావాల్నంట! యాల? క్షమించినా అంటే ఏమి? నువ్వు చేసింది నాకు తెలుసు అని కదా!

అది ఎవరి దెయ్యమో ఊర్లో ఎవరూ అడగలేదు. అడక్కుండానే అందరికీ తెలుసు. మునెయ్య.

మునెయ్య గొర్రెలు మేపుకునేవాడు. రాత్రులు నారాయణప్ప బోరుకు కాపలా పండుకునేవాడు. ఒక పొద్దు బోరు కేబులు కనపడలేదు. "కాపలా ఉన్నోడే కాజేసినాడు" అన్నాడు నారాయణప్ప. కేబులు ముక్క ఒకటి మెడలో వేసి, పాల సెంటరు ముందర ఎండలో కూర్చోబెట్టినాడు. పాలు పోసేదానికి వచ్చినోళ్ళంతా పాలతో పాటు ఒక మాట కూడా పోసి పోయినారు. లోకేష్ ఒకటి, లక్ష్మయ్య ఒకటి. రెడ్డెమ్మ అయితే ఉమ్మేసింది. మునెయ్య మాత్రం నోరెత్తలేదు. మరుసటి పొద్దు గొర్రెల్ని తోలుకోని పెళ్ళాంతో పెద్దమండ్యం పక్కకు పోయినాడు. ఆ ఎండాకాలమే ఆడ కన్నుమూసినాడు. పెళ్ళాం వెంకటమ్మ ఒక్కతే తిరిగొచ్చి ఊరి చివర గుడిసెలో ఉండిపోయింది.

ఇంక నారాయణప్ప సంగతి వినండి. ఈయప్ప గుండె ఒకసారి ఆగి, మళ్ళా కొట్టుకుందంట. అప్పట్నించి పుంగనూరు ప్రార్థనకు పోయి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. సంఘానికి సౌండు బాక్సులు కొనిచ్చి పెద్ద అయినాడు. ప్రభు బల్ల పొద్దు, అంటే సంఘమంతటికీ రొట్టె పంచే పొద్దు, పళ్ళెం పట్టుకునేది ఈయప్పే. ప్రతి ఆదివారం మైకులో సాక్ష్యం. "నేను ఘోరపాపిని! నా పాపాలన్నీ ప్రభువు కడిగేసినాడు!" అని ఏడిస్తే తుండుగుడ్డ పిండుకోవాల. ఏ పాపమప్పా అంటే మాత్రం నోరు విప్పడు. తిరగమోత వాసన వీధంతా, సట్టిలో పులుసు సున్నా!

అట్లాంటి మనిషి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చినాడు. మొగం పీక్కుపోయి ఉండాది.

"వెంకటేశులన్నా, కొట్టం దగ్గరికి తోడు రా."

"యాలప్పా? అందరూ ఆడ్నించి పారిపోతాంటే నువ్వు ఆడికే పోతావా?"

"ఊర్లో అందరి పేర్లూ వచ్చినాయన్నా." గొంతు తగ్గించినాడు. "నా పేరు రాలే."

"రాకుంటే సంబరపడు."

"ఎట్ల సంబరపడేది? ఆదివారం బల్ల ఉండాది. ఎవురితో అయినా తగవుంటే ముందు సమాధానపడి రండి అని పాస్టరయ్య చెప్పినాడు. పళ్ళెం పట్టుకోవల్ల నేను. పోయిన తూరి చెయ్యి వణికి రొట్టె కింద పడిందన్నా."

నేను ఊరుకుంటానా! "నీ పాపాలు దేవుడు కడిగేసినాడని మైకులో చెప్తివే! కడిగినాక కూడా మరక ఉండాదా?"

వాడు నేల చూసినాడు. "దేవుడు క్షమించినాడన్నా. కానీ... ఎండలో కూర్చునింది దేవుడు కాదు కదా."

ఆ మాటకు నేను లేసి చెప్పులు తొడుక్కున్నా. ఒక్క మాటతో నన్ను చీకట్లో గడప దాటించినోడు ఈ జిల్లాలో వాడొక్కడే.

పోయినాము. నేను ముందు, వాడు నా చొక్కా పట్టుకోని వెనక. చీకటంటే చీకటి కాదు — చేత్తో పట్టుకుంటే మసి అంటేటట్టు ఉండాది. కొట్టం పక్కన నిలబడినాము. ఏమీ లేదు... రేకు మీద బల్లి పాకిన చప్పుడు... మళ్ళా ఏమీ లేదు...

అప్పుడు వచ్చింది.

"లోకేష్‌ను... క్షమించినా..."

నారాయణప్ప గోళ్ళు నా వీపులో దిగినాయి.

"లక్ష్మయ్యను... క్షమించినా... రెడ్డెమ్మను... క్షమించినా..."

పేరు తర్వాత పేరు. ఊరు ఊరంతా వస్తాంది. నా పేరు రాలేదు. కుప్పం దాకా పేరున్న మనిషిని, ఒక దెయ్యం లెక్కలోకి తీసుకోలేదంటే కొంచెం అవమానంగానే అనిపించింది.

"నారాయణప్పను —"

ఆగిపోయింది.

నా వెనక ఊపిరి కూడా ఆగిపోయింది.

"నారాయణప్పను..." మళ్ళా ఆగింది. లోపల ఎవరో ఎక్కిళ్ళు పెట్టినట్ల చప్పుడు. తర్వాత సన్నగా — "ఈ పొద్దు కూడా రాలేదు ప్రభువా... ఆ పేరు కాడికొస్తే నోరు పెగల్లేదు..."

నేను ఇంక ఆగలేదు. ఎగిరి ఒక్క తన్ను తన్నినా. తలుపు బందులు ఊడి ఒకటి గుట్టకు ఆ పక్క పడింది, రెండోది ఇంతవరకు దొరకలేదు. సెల్లు లైటు వేసినా.

లోపల గోనె మీద మోకాళ్ళేసుకోని, కొంగు తలమీద కప్పుకోని, వెంకటమ్మ!

"ఏమప్పా, తలుపు యాల ఇరగ్గొడితివి? తోస్తే వస్తాది కదా!"

"నువ్వా దెయ్యం?"

"దెయ్యమేంది? ప్రార్థన చేసుకుంటాండా. గుడిసెలో చేస్తే పక్కింటోళ్ళకు పేర్లు ఇనపడతాయి, బాగుండదని ఈడికొస్తా."

ఊరికి జ్వరం తెప్పించినామె, పక్కింటోళ్ళు నొచ్చుకుంటారని దాక్కుందంట!

"సరే, ఒకసారి క్షమించేస్తే అయిపోయె. దినామూ యాల?"

"ఒకసారికి అయిపోదప్పా," అనింది వెంకటమ్మ. "రాత్రి అందర్నీ క్షమించి పండుకుంటా. తెల్లారి లేస్తానే ఆ ఎండ, ఆ పాల సెంటరు, ఆయప్ప మెడలో ఆ వైరు... కోపం మళ్ళా లేస్తాది. పొయ్యిలో బూడిద ఎత్తినట్ల, దినామూ ఎత్తిపోయాల్సిందే."

నా వెనకనుంచి నారాయణప్ప ముందరికి వచ్చినాడు. చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకోని మొదలుపెట్టినాడు, "ప్రభువు ప్రేమలో నా ప్రియ సహోదరీ, ఘోరపాపినైన నేను..."

"ఈడ మైకు లేదప్పా," అనింది ఆమె. "మామూలుగా చెప్పు."

వాడు కట్టుకున్న చేతులు దించేసినాడు. వచ్చిన మాట మైకు గొంతు కాదు.

"కేబులు పోలేదమ్మా. మా కొడుకు ప్రవీణే పీకి మా కింది చేను బోరుకు వేసినాడు. నాకు చెప్పకుండా వేసినాడు. ఆ సాయంత్రమే తెలిసింది నాకు."

"సాయంత్రమా?"

"మునెయ్య ఇంకా సెంటరు ముందరే కూర్చోనుండాడు. నేను... పాలు పోసి ఇంటికి పోయినా. అందరి ముందర నాది తప్పంటే పరువు పోతాదని..."

వెంకటమ్మ ఏడవలేదు. తిట్టలేదు. తిట్టింటే బాగుండునని నాకే అనిపించింది. కొంగు సరిచేసుకోని, గోడ చూస్తా అడిగింది.

"నీకు తెలిసినాక, ఆయప్ప ఇంకెంత సేపు కూర్చున్నాడు?"

వాడు తుండుగుడ్డ తీసి మొగం కప్పుకున్నాడు.

కొట్టంలో గాలి లేదు. నేను సెల్లు లైటు గోడ పక్కకు తిప్పినా. ఆమె కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలినాయి, ఆగినాయి, మళ్ళా కదిలినాయి. బరువు ఎత్తేటోళ్ళ మాదిరి మెడ నరాలు బిగుసుకున్నాయి.

"నారాయణప్పను... ఈ పొద్దుకు... క్షమించినా."

వాడు దబ్బున కాళ్ళమీద పడినాడు.

"లేయప్పా. ఈ పొద్దుకే అంటాండా. తెల్లారితే నాకు మళ్ళా కోపం వస్తాది. రేపు సాయంత్రం మళ్ళా రా. ఆదివారం ఆ మైకులో ఇప్పుడు చెప్పిందే చెప్పు."

చెప్పినాడు. మునెయ్య పేరు చెప్పినాడు, కొడుకు పేరు చెప్పినాడు, పాలు పోసి ఇంటికి పోయింది కూడా చెప్పినాడు. కడిగేసినాడు గిడిగేసినాడు ఏమీ లేదు. వినేదానికి నేనే పోయినా. పళ్ళెం వేరే వాళ్ళ చేతికి పోయింది. పోనీ, ఆ పళ్ళెం పోయినందుకు వాడు ఏడవలేదు చూడండి, ఆ ఒక్క పని నాకు నచ్చింది.

అప్పట్నించి పొద్దు మునిగితే చాలు, పంచ ఎగ్గట్టుకోని కొట్టానికి పోతాడు. ఊరు నవ్వుతాది. నవ్వనీ. ఆ ఊరు ఎండలో కూర్చున్నోణ్ణి చూసి కూడా నవ్వింది.

కథ ఇంతే అనుకుంటిరా? లేవబాకండి.

మొన్న ఎద్దుల బేరానికి కుప్పం పోయినా. టీ అంగడి ముందర వెంకటమ్మ కనపడింది. ఒళ్ళు చేసింది, మొగంలో కళ ఉండాది.

"ఏమ్మా, ఈడుండావు? పొద్దు మునిగేలోపల కొట్టం చేరుకోవద్దా?"

"యాల? నేను ఊరిడిసి శానా దినాలాయె కదప్పా! వానలు పడకముందే మా అక్క ఇంటికి వచ్చేస్తి."

"మరి నారాయణప్ప...?"

"ఒక పొద్దు తెల్లారి లేసి చూసుకుంటే కోపం లేదు. ఎతికినా. లేదు. ఇంక ఆడ యాల అని వచ్చేసినా. చెప్పిరాలే."

టీ గ్లాసు ఆడే పెట్టేసి లేసినా.

ఆ సాయంత్రమే మా ఊరికి వచ్చి, నేరుగా కొట్టం దగ్గరికి పోయినా. నారాయణప్ప లోపల్నించి అప్పుడే వస్తాండాడు. మొగం చంటిబిడ్డ మొగం మాదిరి ఉండాది.

"నారాయణా... లోపల ఎవురుండారు?"

"నాకేం తెలుసన్నా? లైటు వేసి ఎప్పుడూ చూడలే. క్షమించినోళ్ళ మొగం మీదికి లైటు వేస్తామా?"

పోయినాడు. నేను ఒక్కణ్ణే నిలబడినా. బందుల్లేని తలుపు గోడకు ఆనించి ఉండాది. లోపల చీకటి. ఆ చీకట్లోనించి... వెంకటమ్మ గొంతు కాదు. అట్లాంటి గొంతు నేను పుట్టినాక వినలేదు... మెల్లిగా, బిడ్డను పిలిచినట్ల —

"వెంకటేశులూ..."

నేను పలకలేదు. భయమా? నాకా? ఎద్దుకు మేత వెయ్యాల్సింది గుర్తుకొచ్చి వచ్చేసినా, అంతే. ఆ దోవలో నన్ను దాటలేక మదనపల్లె బస్సు వెనకబడింది.

అబద్ధమంటారా? కుప్పం పోండి. రైల్వే గేటు పక్క సందులో ఇడ్లీలు పోసే ముసలామెను అడగండి. వెంకటమ్మ ఆ ఇల్లు చేరినప్పట్నించి ఒక్క రాత్రి కూడా గడప దాటలేదని, తన చాప పక్కనే చాప వేసుకోని పండుకుంటాదని ఆమే చెప్తాది. వెంకటమ్మ సొంత అక్క. పేరు కృష్ణమ్మ.