తగ్గిన ఏడు మామిడిపిందె చీరలు

కళ్లెదుట ఉన్న వస్తువును వదిలేసి, దాని మీది అంకెనే మనిషి ఎందుకు నమ్ముతాడో నాకు చాలా ఏళ్లుగా తెలియదు. ఆస్పత్రి చీటీ దగ్గర, దర్శనం టికెట్టు దగ్గర కూడా ఈ సందేహం వస్తూనే ఉంటుంది. భగవంతుడు మనల్ని అంకెతో గుర్తుపట్టడని నా నమ్మకం. షాహిస్తా సంగతి విన్నాక సందేహం తీరలేదు గానీ, దానికి కాస్త నవ్వు తోడైంది.

షాహిస్తాది పెనుకొండ. రోజూ రైల్లో ధర్మవరం పోయి, గోవిందప్ప పట్టుచీరల షాపులో బిల్లులు కొట్టేది. ఆ బుధవారం మాత్రం హిందూపురం రైలెక్కింది. డిటెక్టివ్ మంజులత ఆఫీసులో కుర్చీ చూపించినా కూర్చోలేకపోయింది.

“ఏడు చీరలు తగ్గినాయంటాండారు మేడమ్. అన్నీ మామిడిపిందె అంచువే. సాయంత్రం లోపల ఒప్పుకోకపోతే స్టేషన్‌కు పోతానని సారు కొడుకు రమేష్ అంటాండాడు. ఈ మాట బయటపడితే నన్ను ఇంగ యాడా పనిలో పెట్టుకోరు.”

“మిగతా చీరలు ఎంచినారా?”

“లేదు మేడమ్. తగ్గిన అర ఒక్కటే ఎంచినారు.”

మంజులత బ్యాగు అందుకుంది. ఆమె సహాయకుడు గిరి రిటైరైన బస్ కండక్టరు. మేడమ్ బ్యాగు అందుకుంటే కేసు సగం తేలినట్టేనని అతని లెక్క.

మధ్యాహ్నానికి ముగ్గురూ ధర్మవరం చేరారు. షాహిస్తా సీట్లో రమేష్ కూర్చుని ఉన్నాడు.

“డిటెక్టివ్‌ను పిలుచుకొచ్చినావా? బలే ధైర్యమే!” అన్నాడు.

“రానీలేబ్బా, తేలితే మంచిదే కదా,” అన్నాడు గోవిందప్ప. ఆయన అప్పుడే పూజ ముగించినట్టున్నాడు. గల్లాపెట్టెకు, దాని పక్కన డబ్బులు కట్టే క్యూఆర్ అట్టకు కూడా పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. గిరి భార్యకని ఒక రవికె గుడ్డ తీసుకుని, ఆ అట్టకు ఫోన్ చూపించాడు. బొట్లున్నా ఒక్కసారికే డబ్బు పోయింది.

ఇంతలో బత్తలపల్లి నుంచి వచ్చిన పెళ్లివారు ఒక మామిడిపిందె చీర ఎంచుకున్నారు. గోవిందప్ప తడి పసుపులో వేలు ముంచి చీర చీటీ మీద బొట్టు పెట్టాడు. పైన కుంకుమ అద్దాడు.

“చీటీకి పెడతారేం సార్?” అంది మంజులత.

“పట్టుకు అంటితే మరక పోతుందామ్మా? పెళ్లి చీర పసుపు లేకుండా ఇయ్యలేను. అందుకే కాగితానికి పెడతా.”

రమేష్ చీటీ మీది బార్‌కోడ్ గీతలను చదివే స్కానర్ గన్ను పెట్టాడు. అది పలకలేదు. మళ్లీ పెట్టాడు. చివరకు గీతల కింది నంబరు చూసి టైపు చేశాడు. పెళ్లివారు బిల్లు కట్టి సంతోషంగా వెళ్లారు.

“గిరన్నా, గోపురం అంచు చీరలు ఎంచు,” అంది మంజులత. అతను రెండుసార్లు ఎంచాడు. ఆమె కంప్యూటర్లో లెక్క చూసి, అందరినీ కౌంటర్ దగ్గరికి రమ్మంది.

“ఈ షాపులో దొంగ లేడు. మామిడిపిందె అంచు తగ్గినమాట నిజమే. అయితే గోపురం అంచు కంప్యూటర్లో ఉండేదానికంటే ఎనిమిది ఎక్కువున్నాయి.”

“తగ్గింది ఏడే కదా?” అన్నాడు రమేష్.

“ఎనిమిదోది ఇప్పుడే నువ్వు అమ్మినావు నాయనా.”

గిరి గట్టిగా నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రమేష్ బిల్లు తీసి చూశాడు. మామిడిపిందె నంబరు 4718. బిల్లులో 4713 ఉంది. అది గోపురం అంచుది. రెండింటి ధరా ఒకటే. బిల్లులో పట్టుచీర అని మాత్రమే పడుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

“పసుపు గీతలను కప్పింది, గన్ను చదవలేదు,” అంది మంజులత. “ ఎనిమిదిలో ఎడమ సగం కూడా కప్పింది. అది ముందు షాహిస్తాకు, ఇప్పుడు నీకు మూడుగా కనిపించింది.”

“క్యూఆర్ అట్టకూ నేనే పెట్టినా. అది బాగనే పనిచేస్తాందే!” అన్నాడు గోవిందప్ప.

“ఆ చదరంలో కొంత చెరిగినా మిగిలినదాన్ని బట్టి పూరించుకునే ఏర్పాటుంది సార్. గీతలకు ఆ ఓపిక లేదు.” మంజులత ఒక కంపెనీ రెడీమేడ్ రవికె పెట్టె తీసుకుంది. దాని పదమూడు అంకెల్లో చివరిదాన్ని కావాలనే మార్చి కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. “ఇందులో చివరి అంకె కాపలా. ముందున్న పన్నెండింటినీ లెక్కకట్టి సరిచూస్తుంది. మీరు సొంతంగా వేసుకున్న నాలుగంకెలకు కాపలా లేదు.”

“పసుపు తుడిచి చూడకూడదా?” అన్నాడు గిరి.

“వాళ్ల పెళ్లి పసుపు నేనెట్లా తుడుస్తానన్నా?” అంది షాహిస్తా. “నాకు చేతులు రాలేదు.”

“నేనూ తుడవలేదు కదా,” అన్నాడు రమేష్, తల వంచుకుని. “తప్పు నాది షాహిస్తా. నోరు జారినా.”

“ఇంగ మీద చీర పెట్టిచ్చే అట్టపెట్టెకు పెడతాలే. దేవుడు చీటీకే పెట్టమని చెప్పలేదు కదా,” అంటూ గోవిందప్ప లేచాడు. అరలోంచి ఒక మామిడిపిందె చీర తెచ్చి షాహిస్తా ముందు పెట్టాడు. “ఏడాది పనిచేస్తే పట్టుచీర పెడతానని నిన్ను చేర్చుకున్న దినం చెప్పినా. తొమ్మిదేండ్లయింది. నువ్వు అడగలేదు, నేను పెట్టలేదు. తీసుకోమ్మా.”

షాహిస్తా చీర అంచు నిమిరింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది.

“ముందు బిల్లు కొట్టియ్యండి సార్. లేకపోతే రేపు మల్లా ఒకటి తగ్గిందంటారు.”

గోవిందప్ప తన జేబులోంచి పర్సు తీశాడు. రమేష్ గన్ను పట్టుకున్నాడు. అది మొదటిసారికే కుయ్యిమంది.